ఉతకకూడని చొక్కా

సినిమావాళ్ల దగ్గర బట్టలు ఉతకడం కొన్నిసార్లు నేరం. నమ్మకపోతే కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరినైనా అడగండి. హీరో బురదలో పడే షాటు ఇవాళ తీస్తారు. లేచి నిలబడే షాటు ఇరవై రోజుల తర్వాత తీస్తారు. ఆ ఇరవై రోజులూ ఆ చొక్కాని అదే బురదతో, అదే ముడతతో, అదే చిరుగుతో కాపాడాలి. మా వాళ్లు దీన్ని కంటిన్యూటీ అంటారు. అలాంటి బట్టల్ని విడిగా ఒక ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగిన మనిషిని నేను. నలభై రెండేళ్లు ఆ పని చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో ఉతకకూడని చొక్కాని ఉతికించింది ఒక్కసారే. ఆ సంగతి చెబుతాను.

చెప్పడానికి కారణం మీలాంటి పిల్లలే. ఫిల్మ్‌నగర్‌లో పొద్దున పూట టీ కొట్టు దగ్గర నిలబడితే ఇంటర్ పాసైన పిల్లలు ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు. "అంకుల్, కాలేజీలో చేరాలా, డైరెక్టుగా లైన్లోకి వచ్చేయాలా?" అని. నేను కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఇంటర్ పాసైన వారానికే మా మేనమామ వెంట మద్రాసు వెళ్లి కుట్టుమిషన్ ముందు కూర్చున్న వైనం మొదలుపెడతాను. నా కథ సగంలో ఉండగానే వాళ్లకి ఏదో ఫోన్ వస్తుంది. పాపం, ఆ ఫోన్ చేసేదెవరో గానీ సమయానికి చేస్తారు.

నా కథలో నేను వదిలేసే ముక్క ఒకటుంది. ఇరవై నాలుగేళ్ల డిజైనర్ అమ్మాయి ఎవరికి ఏ బట్ట అన్నది ఇంగ్లీషులో రాసి నా చేతికిస్తే, అంతా అర్థమైనట్టు తలూపి, కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. తర్వాత గోడ చాటుకి వెళ్లి అసిస్టెంటు చేత చదివించుకునేవాణ్ణి. పని నాకు వచ్చు. దాని పేర్లు నాకు రావు. చదువు ఎందుకురా అని నలుగురిలో గొప్పగా అంటూ, గోడ చాటున ఇలా బతికాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ల కిందటి మాట. మా నిర్మాత ఇల్లు జూబ్లీ హిల్స్‌లో. ఆయన కారు డ్రైవరు షేక్‌పేట మనిషి, పుట్టి పెరిగిందంతా అక్కడే. అయ్యగారిని ఫిల్మ్‌నగర్ ఆఫీసులో దింపి, ఆయన మీటింగు అయ్యేదాకా నా కాస్ట్యూమ్ గది గుమ్మంలో కూర్చునేవాడు. ఒకరోజు వచ్చి కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు.

"సార్, జర ఒక పని ఉండె మీతోని," అన్నాడు. "మా పిల్లకు మంచి కాలేజీల సీటొచ్చింది, బీయెస్సీ. పోనంటున్నది. సినిమాల్ల బట్టల పని చేస్తదంట. ఇంట్ల మిషన్ మీద కుడుతది, చెయ్యి మంచిగనే ఉంటది గని... మీ దగ్గర ఒక నెల పెట్టుకోండ్రి."

"పని నేర్పమంటావా?" అన్నాను, కొంచెం ఉబ్బి.

"అయ్యో, నేర్పొద్దు సార్! గదే చెప్తున్న. బొక్కలిరిగేటట్టు చాకిరీ చేయించుండ్రి. నెల దినాల్ల తోబా తోబా అనుకుంట కాలేజీకి ఉరకాలె."

"నువ్వే చెప్పొచ్చు కదయ్యా కన్నతండ్రివి."

"నేను చెప్తే ఇంటదా? పదో తరగతి కాంగనే స్టీరింగు పట్టిన. 'నువ్వేం సదివినవ్ నాయ్నా' అంటది. నేనేమనాలె?"

ఆ ప్రశ్న నన్ను కూడా అడిగినట్టే ఉంది కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. మనుషుల్ని పారిపోయేలా చేయడం నాకు కొత్త కూడా కాదు. నా దగ్గర చేరిన అసిస్టెంట్లు వరసగా రెండు సినిమాలు నిలిస్తే డిపార్ట్‌మెంట్ అంతా ఆశ్చర్యపోయేది. నా నోటి దురుసు అలాంటిది.

అమ్మాయి సోమవారం పొద్దున్నే వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. నమస్తే పెట్టి, "ఏం చెయ్యాలె సార్?" అంది. నేను మూలనున్న గోనెసంచి చూపించాను. ఎప్పుడో ఒక పాటలో డాన్సర్లందరికీ వేసిన మేజోళ్లు అవి. జత కలపడం ఎవరి వల్లా కాక సంచిలో కుక్కేశాం. సాయంత్రానికి ఏడుస్తూ పోతుందనుకున్నాను. సాయంత్రానికి జతలు కలిపి, ఒక్కో జతకీ దారం చుట్టి, సైజు రాసిన చీటీ కట్టి, వరసగా పేర్చి పెట్టింది.

"అయిపోయింది సార్. ఇంకేమున్నది?"

మర్నాడు తుప్పు పట్టిన పిన్నీసుల డబ్బాలు ఇచ్చాను. ఆ మర్నాడు రేకుల గదిలో పోలీసు యూనిఫారాల ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టె వేడికి, పైన రేకుల వేడికి మధ్య నేనైతే గంట నిలబడలేను. ఆమె అన్నీ ముగించుకుని, ముఖం కడుక్కుని, ఓ మూల కూర్చుని నోట్‌బుక్కులో ఏదో రాసుకునేది. ఏమిటమ్మా ఆ రాత అని అడిగాను.

"పాఠాలు సార్," అంది. చూపించింది కూడా. మొదటి పాఠం, మేజోళ్లు: రంగు ఒకటే అయినా సాగుడు చూడాలి, సాగిపోయినవి కుర్చీలో కూర్చునేవాళ్లకి, బిగువుగా ఉన్నవి డాన్సర్లకి. రెండో పాఠం, పిన్నీసులు: తుప్పు పట్టింది పట్టుబట్టకి వాడకూడదు. మూడో పాఠం, ఖాకీ: తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేయకపోతే మెరుపు మరక పడుతుంది.

ఇవేవీ నేను చెప్పినవి కావు. ఆమెను తరిమేయడానికి నేను విసిరిన పనుల్లోంచి ఆమే ఏరుకున్నవి. నేను లోపల నవ్వుకున్నాను. ఆ సాయంత్రం టీ దగ్గర వాళ్ల నాన్నకి చెబితే ఆయన కూడా పడీపడీ నవ్వాడు. "ఇంకా గట్టిగ సార్, ఇంకా గట్టిగ!" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులం ఒక పిల్ల నోట్‌బుక్కు మీద జోకులేసుకుంటూ రెండేసి టీలు తాగాం.

మూడో వారానికి వచ్చేసరికి నా నవ్వు తగ్గింది. నా కళ్లు సూదిలో దారం ఎక్కించడం మానేసి అప్పటికి రెండేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. మా పనిలో కళ్లు పోయాయని తెలిస్తే మర్నాడు నా కుర్చీలో వేరే మనిషి ఉంటాడు. ఆమె ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు. పొద్దున్నే నేను వచ్చేసరికి పది సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి ఉంచేది. నేను ఒక్కొక్కటీ తీసుకుని కుట్టుకుంటూ పోయేవాణ్ణి. ఆ సూదుల కోసమే అప్పటినుంచి నేను ఆఫీసుకి ఒక గంట ముందే వెళ్లడం మొదలుపెట్టాను. నాకు ఆ పిల్ల మీద ఇష్టం పెరిగింది. నిజం చెప్పాలంటే, ఆమె వల్ల నాకు కలిగే సుఖం మీద ఇంకా ఎక్కువ పెరిగింది.

నాలుగో వారంలో ఒక పొద్దున డ్రైవరు కంగారుగా వచ్చాడు. "సార్, రేపు సాయంత్రం ఐదింటిదాకనే టైము. కాలేజీకి పోయి సర్టిఫికెట్లు ఇయ్యకపోతే సీటు పోతది. అది నిమ్మళంగ ఇస్త్రీ చేసుకుంట కూసున్నది. ఇయ్యాల్టితోని తేల్చుండ్రి," అన్నాడు.

మాట ఇచ్చాను కాబట్టి నా దగ్గర మిగిలిన ఆఖరి అస్త్రం తీశాను. అదే ఉతుకుడు. లాండ్రీకి పంపాల్సినవి, అక్కర్లేనివి, దుమ్ము గుడ్డలు, తెరలు, అన్నీ తెచ్చి గుట్ట పోశాను. మూట ఇంకా పెద్దదిగా కనబడాలన్న యావలో కుర్చీ మీద ఉన్నవి కూడా రెండు చేతులా ఎత్తి అందులో వేశాను. కుర్చీ మీద ఏమున్నాయో చూడలేదు. వానల రోజులు కదా, ముక్కిన వాసన రాకుండా కంటిన్యూటీ పెట్టెలోంచి ఒక చొక్కా తీసి ఆ పొద్దున్నే ఆ కుర్చీ మీద గాలికి ఆరేశాను. ఆరేసింది నేనే. మర్చిపోయిందీ నేనే.

అది హీరో ఫైటు చొక్కా. సగం ఫైటు అంతకు మూడు వారాల ముందు తీశారు, మిగతా సగం మర్నాడు తీయాలి. ఫైటు చొక్కాలు ఎప్పుడూ నాలుగు ఒకేలా కుట్టిస్తాం. రెండు పీలికలయ్యాయి, ఒకటి మంటల షాటులో డూపు ఒంటి మీద కాలింది, మిగిలింది ఇదొక్కటే. ఎడమ భుజం దగ్గర చిరుగు, వీపు నిండా రక్తం, బురద.

డాబా మీద కుళాయి దగ్గర నుంచి ఆమె ఆ చొక్కా పట్టుకుని దిగి వచ్చింది. "సార్, గిది కూడ ఉతకాల్నా? గీ మరకలు ఎవరో కావాల్నని పెట్టినట్టున్నయ్."

నేను ఫోన్‌లో ఉన్నాను. తల ఎత్తలేదు. "ఇచ్చింది ఉతుకమ్మా, ప్రశ్నలెందుకు? చిరుగులుంటే కుట్టు కూడా," అన్నాను. ఆమె చొక్కాతో పైకి వెళ్లిపోయింది.

మర్నాడు స్టూడియోలో పెట్టె తెరిస్తే చొక్కా లేదు, ఆమె ఉతికిన బట్టల దొంతరలో దొరికింది. చొక్కా మడత పెట్టి, ఇస్త్రీ చేసి, తళతళలాడుతూ ఉంది. భుజం మీద చిరుగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, అంత నున్నగా రఫూ చేసింది. ఇంకో రోజైతే ఆ పనితనానికి మురిసిపోయేవాణ్ణి. ఆ రోజు ఆ భుజాన్ని వెలుతురుకి తిప్పి తిప్పి చూశాను. హీరో కాల్షీటు ఆ ఒక్కరోజే ఉంది. సెట్టు మర్నాడు విప్పేస్తారు.

డైరెక్టరు చొక్కా చూశాడు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తిట్టడానికి ప్రొడక్షన్ మేనేజర్ ఉన్నాడు.

"ఎవరండీ ఉతికింది?" అని అరిచాడు.

"నేనే సార్," అంది అమ్మాయి.

"బుద్ధుందా? ఇంటర్ పిల్లల్ని తెచ్చి డిపార్ట్‌మెంట్‌లో పెడితే ఇంతే!" అని నా వైపు తిరిగాడు.

యూనిట్ మొత్తం నా వైపు చూస్తోంది. ఉతకమన్నది నేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. ముప్పై అయిదేళ్ల పేరు గుర్తొచ్చింది. కుర్చీ గుర్తొచ్చింది. ఊరికే ఉన్నా కొంత బాగుండేది. నేను పెద్దమనిషిలా చెయ్యెత్తి, "చిన్నపిల్ల, తెలియక చేసింది. వదిలేయండి సార్," అన్నాను. అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. తల తిప్పుకుంది.

తర్వాత నోట్‌బుక్కు తెరిచి డైరెక్టరు ముందు పెట్టింది. ఒక పేజీలో చొక్కా ముందు భాగం బొమ్మ, ఎదుటి పేజీలో వీపు. మరక ఎక్కడ మొదలైందో, ఎన్ని వేళ్ల వెడల్పో, ఏది ఎరుపో ఏది గోధుమరంగో, చిరుగు ఏ కుట్టు నుంచి ఏ కుట్టు దాకా పోయిందో, అన్నీ రాసి ఉన్నాయి.

"ఇదెప్పుడు గీశావు?" అన్నాడు డైరెక్టరు.

"ఉతికే ముందు సార్. మరక పోకపోతే నేను చేసిన మరక కాదని చూపెట్టనీకి గీసుకున్న."

అసిస్టెంట్ల ఫోన్లలో చొక్కా ముందు వైపు ఫొటోలున్నాయి. తీయాల్సిన షాట్లు చాలావరకు వెనక నుంచి. ఎడిటింగ్ గది నుంచి తెప్పించిన క్లిప్పుల్లో వీపంతా పొగ కమ్మేసి ఉంది. ఆ పేజీ లేకపోతే ఆ రోజు షూటింగు లేదు. ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన రఫూ కుట్లు తనే ఒక్కొక్కటిగా విప్పింది. మేకప్ వాళ్ల దగ్గర రక్తం తెప్పించింది. టీ డికాషను, బూడిద, సెట్టు వెనక మట్టి కలిపి బురద చేసింది. వేళ్లతో కొలుచుకుంటూ మరక పక్కన మరక పెట్టింది. నేను పక్కన నిలబడి ఆమె అడిగినవి అందించాను. రెండు గంటల తర్వాత డైరెక్టరు పాత షాటునీ కొత్త చొక్కానీ మానిటర్లో పక్కపక్కన పెట్టి చూశాడు. హీరోని రమ్మన్నాడు.

లంచ్ బ్రేకులో ఆయన మా దగ్గరికి వచ్చి, "ఈ అమ్మాయిని వదలకండి. నా నెక్స్ట్ పిక్చర్‌కి కూడా ఉండాలి," అని చెప్పి వెళ్లాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. నా ముఖం కూడా వెలిగే ఉంటుంది.

మూడున్నరకి వాళ్ల నాన్న వచ్చాడు. చంకలో సర్టిఫికెట్ల ఫైలు. అయ్యగారిని అడిగి కారు కూడా తెచ్చాడు. కూతురి ముందు అమాయకంగా నిలబడి, నా వైపు తిరిగి కళ్లతో సైగ చేశాడు. ఇక చెప్పండి, పొమ్మని చెప్పండి అని.

అమ్మాయే ముందు అడిగింది. "సార్, మీరే చెప్పుండ్రి. మీరేమంటే గదే. కాలేజీకి పోవాల్నా, ఉండాల్నా?"

ఆమె నా మీద అంత నమ్మకం ఇంకా ఎందుకు ఉంచిందో ఈ రోజుకీ నాకు తెలియదు. పొద్దున నేనన్న మాట విన్న పిల్లే కదా. నాకు ఆ క్షణంలో దిండుకి గుచ్చిన పది సూదులు కనబడ్డాయి. "ఉండిపోమ్మా. కాలేజీలో ఏముంది?" అన్నాను.

డ్రైవరు చంకలో ఫైలు జారి కింద పడింది. "గదేంది సార్!" అన్నాడు. "మనం అనుకున్నదేంది, మీరు చెప్తున్నదేంది?"

"ఏం అనుకున్నరు?" అంది అమ్మాయి.

ఆయన తడబడ్డాడు. కానీ అబద్ధం ఆడే మనిషి కాదు. మొత్తం చెప్పేశాడు. మేజోళ్ల సంచి, పిన్నీసులు, రేకుల గది, ఉతుకుడు, అన్నీ ఆమెను పారిపోయేలా చేయడానికే అని. ఇంకా గట్టిగా చేయించమని టీ దగ్గర చెప్పింది తనే అని. ఆమె తండ్రి వైపు తిరగలేదు. నన్నే చూస్తూ విన్నది. నేను అరుస్తుందనుకున్నాను.

"అయితే గవన్ని పాఠాలు కావా సార్?" అంది. "ఈ నెల దినాల్ల మీరు నాకు నిజంగ నేర్పింది ఒక్కటన్న ఉన్నదా?"

వెతికాను. నిజంగా వెతికాను. గుండీ కుట్టడం దగ్గర్నుంచి రోజురోజూ గుర్తు చేసుకుంటూ పోయాను. ముప్పై అయిదేళ్ల పని చేతుల్లో ఉన్నవాణ్ణి, నెల రోజులు పక్కన కూర్చోబెట్టుకున్న పిల్లకి ఒక్క ముక్క చెప్పలేదు.

"లేదమ్మా," అన్నాను.

ఆమె వంగి ఫైలు తీసి, మట్టి దులిపింది. "గట్లయితే కాలేజీకే పోత. గాడ నేర్పుతమని చెప్పన్న ఫీజు తీస్కుంటరు," అంది. కారెక్కి కూర్చుంది. నాలుగు గంటలు దాటింది అప్పటికి. డ్రైవరు నా రెండు చేతులూ పట్టుకుని, "మస్తు పని చేసిండ్రు సార్, మీ మేలు మర్వ," అని గుసగుసగా చెప్పి స్టీరింగు దగ్గరికి పరుగెత్తాడు. ఐదులోపే చేరారని తర్వాత తెలిసింది.

మర్నాడు మేనేజర్ అమ్మాయేదని అడిగాడు. కాలేజీలో చేరిందన్నాను. ఆయన ఆగి, "మీరే పంపారా? డైరెక్టర్ గారు ఆఫరిచ్చినా కూడా?" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. సినిమావాళ్ల మధ్య మాట్లాడకుండా ఉంటే చాలు, కథ దానంతట అదే తయారవుతుంది. నెల తిరిగేసరికి ఫిల్మ్‌నగర్ అంతా నన్ను ఆడపిల్ల చదువు కోసం మంచి అసిస్టెంటుని వదులుకున్న మహానుభావుణ్ణి చేసింది. కొందరు చొక్కా సంగతి కూడా కలిపి చెప్పేవారు. అంత పెద్ద తప్పు చేసిన పిల్లని కూడా క్షమించి చదువుకి పంపాడు అని. వినగా వినగా నాకు కూడా అలాగే జరిగిందేమో అనిపించేది.

రిటైరైనప్పుడు మా వాళ్లు సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ, నాలుగు ఉపన్యాసాలు. మేనేజరు మైకు తీసుకుని ఈ కథే రంగులేసి చెప్పాడు. హాలంతా చప్పట్లు. నేను దండ సర్దుకుంటూ చూస్తే మూడో వరసలో ఆ అమ్మాయి, పక్కన వాళ్ల నాన్న. బీయెస్సీ, ఆ పైన చదువు పూర్తి చేసి మందుల కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగం చేస్తోందని విన్నాను. ఇద్దరూ అందరితోపాటు చప్పట్లు కొడుతున్నారు. తర్వాత మైకు నాకిచ్చారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి, మద్రాసు కథ చెప్పి, కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఆమె వచ్చి నమస్తే పెట్టింది. ఆరోగ్యం అడిగింది, కళ్ల ఆపరేషన్ అయ్యిందా అని అడిగింది. నేను ఆగలేకపోయాను.

"అక్కడ అన్ని అబద్ధాలు చెబుతుంటే నువ్వెందుకమ్మా లేచి నిజం చెప్పలేదు?" అన్నాను.

ఆమె నవ్వింది. కోపం ఏమీ లేదు ఆ నవ్వులో, అదే నాకు కష్టంగా అనిపించింది.

"మీరు చెప్తరేమో అని చూసిన సార్," అంది. "గా దినం సెట్ల గూడ చూసిన."

పప్పు చల్లారుతోంది, తినమని చెప్పి వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయింది. ఆ చొక్కా ఉతకమన్నది నేను.